పద్మనాభయ్య తుపాకి, వనజాక్షి భుజం

కొత్తదిన్నెలో తుపాకి ఉన్న ఇల్లు ఒక్కటే. మైపాడు రోడ్డు మీద ఆటో దిగి సముద్రం వైపు నడిస్తే, సరుగుడు తోపులు దాటాక ఇసుక నేలల్లో వేరుశనగ చేలు మొదలవుతాయి. ఆ చేల మొదట్లోనే పద్మనాభయ్య ఇల్లు. ఇంటికీ ఆయన చేనుకీ నడుమ ఇంకో తోపు ఉంది. ఆయన పోయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది, చేను చేసేది, పందుల్ని తోలేది ఆయన భార్య వనజాక్షి ఒక్కతే. అయినా ఊళ్లో దాన్ని పద్మనాభయ్య ఇల్లనే అంటారు. వనజాక్షికి కూడా అలా అంటేనే ఇష్టం.

ఆమె పొట్టి మనిషి. పెళ్లినాటి ఫొటోలో ఆయన భుజం దాకా కూడా రాదు. ఆయన ఎంత పొడగరి అంటే, సొంతింటి గుమ్మం దాటేటప్పుడు తల వంచీ వంచీ, ఎత్తు గుమ్మాల దగ్గర కూడా అలవాటు కొద్దీ వంచేవాడు. నెల్లూరులో పెద్ద బట్టల దుకాణంలోకి పోతూ ఆయన తల వంచితే వనజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

తుపాకి ఆయన తండ్రి నాటిది. రెండు గొట్టాలది, పంట కాపలాకని లైసెన్సు. శనగ ఊడలు దిగే రోజుల్లో తోపుల్లోంచి అడవిపందులు వచ్చి పడేవి. ముట్టెలతో సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోయేవి. పద్మనాభయ్య ఒక్క పందిని కూడా చంపలేదు. చంపాలన్న కోరికా ఆయనకు లేదు. పొద్దుగూకే వేళ చేను చుట్టూ ఒకసారి తిరిగి, మనిషన్నవాడు తిరగని దిబ్బల మీదుగా, సముద్రం వైపు గొట్టాలెత్తి ఒక్కటి పేల్చేవాడు. పందులు తోపులో పడి పరిగెత్తేవి. ఆయన తుపాకిని మడతబందు దగ్గర మధ్యకు విరిచి తెరిచి, ఖాళీ తూటా తీసి జేబులో వేసుకుని, ఇంటి దోవ పట్టేవాడు.

ఇంట్లో ఉన్న వనజాక్షికి ఆ చప్పుడే గడియారం. సరుగుడు చెట్ల హోరులోంచి ధబ్బుమని మెత్తగా వినిపించేది, పక్కింటి బావిలో బొక్కెన పడినట్టు. ఆ వెంటనే ఆమె లేచి పులుసు పొయ్యి మీద పెట్టేది, కంచం కడిగేది. పులుసు తెర్లేలోగా ఆయన తల వంచి లోపలికి వచ్చేవాడు.

"ఏందిమే, ఇయ్యాళ ఏం చేసినావు?" అనేవాడు. చేపల పులుసు వాసన వీధి చివరిదాకా తెలుస్తున్నా అడిగేవాడు.

"ఏంజేస్తా, రాళ్లు ఉడకేసినా," అనేది ఆమె.

పెళ్లయిన కొత్తనుంచీ శనగ కాలమంతా ఇదే వరస. ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోతుందని వనజాక్షి ఎన్నడూ అనుకోలేదు.

శనగ పీకే రోజుల్లోనే ఆయన పోయాడు. కళ్లంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. ఆటోలో నెల్లూరు చేర్చేలోగా అయిపోయింది. కర్మకాండ ముగిశాక స్టేషను నుంచి కానిస్టేబులు వచ్చి, లైసెన్సు ఉన్న మనిషి లేనప్పుడు ఆయుధం ఇంట్లో ఉండకూడదని మర్యాదగానే చెప్పాడు. వనజాక్షి తుపాకిని పాత దుప్పట్లో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టింది. కొడుకు అశోక్ దాన్ని తీసుకుపోయి, మిగిలిన తూటాలతో సహా అప్పగించి వచ్చాడు.

ఇంటినిండా జనం ఉన్నన్నాళ్లూ ఆమెకు అంతగా తెలియలేదు. చుట్టాలు పోయాక ఒక సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని ఉండగా, తను దేనికోసమో చెవి ఒగ్గి ఉన్నానని ఆమెకే తట్టింది. అన్నం ఎప్పుడో ఉడికింది. పులుసు చల్లారింది. దాన్ని ఎప్పుడు వెచ్చబెట్టాలో చెప్పేవాళ్లు లేరు. అలాగే చాలాసేపు కూర్చుని, చల్లటి అన్నమే రెండు ముద్దలు తిని పడుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఏడుపు తగ్గింది గానీ, పొద్దుగూకేసరికి చెవి మాత్రం తోపు వైపు పోవడం మానలేదు.

తుపాకి తన పేరుకు మార్పించుకుంటానని ఆమె అన్నప్పుడు అశోక్ నమ్మలేదు. అతను ముత్తుకూరు దగ్గర కరెంటు తయారుచేసే ప్లాంటులో పనిచేస్తాడు. వారానికోసారి వచ్చి పోతుంటాడు. ఎత్తులో, నడకలో తండ్రి పోలికే.

"సరెండర్ చేసేద్దాం మా. నాకేమో షిఫ్టు డ్యూటీలు, నేను కాపలా కాసేది ల్యా. పందులకి సోలార్ కంచె ఏపిస్తా," అన్నాడు.

"కంచె ఏపియ్యి. తుపాకి నా పేరుకి రాపియ్యి."

"నువ్వు కాల్చగలవా?"

"నేర్చుకుంటా."

"ఇప్పుడు నీకెందుకు మా ఆ బరువు?"

"పందులొస్తా ఉండాయి గదరా నాయనా," అంది వనజాక్షి. అందులో అబద్ధం లేదు. పందులు నిజంగానే వస్తున్నాయి. అసలు సంగతి మాత్రం ఆమె కొడుక్కి చెప్పలేదు. చెప్పాలన్నా ఎలా చెప్పాలో తెలియలేదు. ఒక చప్పుడు కోసం తుపాకి కావాలంటే నవ్వరా?

అశోక్ తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు. కలెక్టరాఫీసు, పోలీసు విచారణ, తుపాకి పట్టడంలో తరిఫీదు, అన్నీ ఒక్కొక్కటే నడిచాయి. తరిఫీదులో పక్కన ఒక మనిషి ఆమె భుజం ఒత్తిపట్టుకోగా రెండుసార్లు పేల్చింది. "మీ ఇంటి తుపాకి చానాళ్లు మూలన పడుంది గదమ్మా, రిపేరు తెలిసినోళ్లకి చూపించకుండా దాంట్లో తూటా పెట్టబాకండి," అని ఆ మనిషే హెచ్చరించాడు. ఆ మాట ప్రకారం, స్టేషనులో తుపాకి చేతికొచ్చిన రోజునే తల్లీకొడుకులిద్దరూ నేరుగా నెల్లూరు వెళ్లారు.

ట్రంకురోడ్డు పక్క సందులో హెబ్రోను అంగడి. తండ్రి కాలం నుంచీ లైసెన్సుతో నడుస్తున్న తుపాకుల మరమ్మతు అంగడి అది. ఒకప్పుడు బ్యాంకుల కాపలావాళ్లూ మోతుబర్లూ బెంచీ మీద వరస కట్టి కూర్చునేవారట. ఇప్పుడు బెంచీ ఖాళీ. హెబ్రోను సన్నటి మనిషి, అరవై దాటినవాడు. గోడకు వాక్యం రాసిన చర్చి క్యాలెండరు, దాని కింద ఆకురాళ్లు, నూనె సీసాలు. ఆయన మాట కూడా ఆకురాయి పెట్టినట్టు నెమ్మదిగా, ఒకే తీరుగా ఉంటుంది.

దుప్పటి విప్పగానే ముందు తుపాకిని విరిచి రెండు గొట్టాల్లోకీ చూశాడు.

"స్టేషన్లో చూసే ఇచ్చినారన్నా, ఖాళీదే," అన్నాడు అశోక్.

"ఎవురు సూసినా, ఎవురు చెప్పినా, చేతిలోకి తీసుకున్నోడు మళ్లా సూడాల్సిందే నాయనా. మా నాయన నా చేతికిచ్చినా సూసేవోణ్ణి."

గొట్టాల్ని వెనక పట్టుకునే కర్ర నుంచి విడదీసి, ఒక వేలికి తగిలించి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్కపిడితో మెల్లగా తట్టాడు. ఖంగుమని చర్చి గంట మోగినట్టు మోగింది. హెబ్రోను మొహం విచ్చుకుంది.

"గొట్టాల నడుమ అతుకు గట్టిగా ఉండాది. పగిలిన కుండ మాదిరి పలికితే ఇంక పక్కన పెట్టేసేదే," అన్నాడు. తర్వాత గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టి వనజాక్షిని చూడమన్నాడు. లోపల వెలుగు వలయాలు వలయాలుగా, ఒకదాని వెనుక ఒకటి పోతోంది. కుడి గొట్టంలో మాత్రం ఒకచోట వలయం నొక్కుకుపోయి నీడ పడింది.

"సొట్ట. యాడనో గోడకి కొట్టుకోనుండాది. ఇట్టనే పేలిస్తే గొట్టం ఉబ్బుద్ది, చీలినా చీలద్ది. అదీ మొగం దగ్గిర. తీసిస్తాలే, భయపడబాక." తుపాకి చుట్టి తెచ్చిన దుప్పటిని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "దీంట్లో చుట్టిందెవురు?"

"నేనే," అంది వనజాక్షి.

"ఉప్పుగాలి ఊర్లమ్మా మనయి. గుడ్డ తేమ పీల్చి ఇనుముకి పూస్తాది. సూడు, ఈ మచ్చలన్నీ అయ్యే. ఇంకెప్పుడూ చుట్టబాక. నూనె గుడ్డతో తుడిచి, గాలాడే బీరువాలో నిలబెట్టి తాళం ఎయ్యి. తూటాలు ఇంకో చోట, ఇంకో తాళం. అడుగున పచ్చగా చిలుం పట్టిన తూటాని, ఉబ్బిన తూటాని వాడబాక. గట్టు దాటేటప్పుడు తుపాకి ఇరిచే ఉండాల. ఇయే ముఖ్యం. కాల్చేది ఎవురైనా కాలుస్తారు."

తుపాకి మళ్లీ బిగించి, ఖాళీగా ఉందని ఇంకోసారి చూసి, "ఎవురు పట్టేది?" అన్నాడు. వనజాక్షి నోరు తెరిచేలోగా, దగ్గరగా ఉన్న అశోక్ చేతికి ఇచ్చాడు.

అశోక్ దాన్ని గోడ పైమూలకు గురిపెట్టి ఎత్తాడు. కర్ర వెనక కొస, మడమ, భుజం గుంటలో కూర్చుంది. చెంప దానంతటదే కర్ర మీదికి వాలింది. మోచెయ్యి ఎంత వంగాలో అంతే వంగింది. హెబ్రోను తల ఊపి, "కొలతపెట్టి చేసినట్టుండాది," అన్నాడు.

వనజాక్షి అతని వెనక నిలబడి ఉంది. వెనకనుంచి ఆ మెడ, ఎడమవైపు కాస్త జారిన ఆ భుజం, చొక్కా వెనక పడ్డ ఆ మడత. ఆమె చెయ్యి తనంతట తనే లేచి అతని వీపు మీద ఆనబోయి, మధ్యలో ఆగింది. అశోక్ తుపాకి దించి ఇటు తిరిగాడు. కొడుకు మొహం అది. ఇరవయ్యేళ్లు వెనక్కి పోయి వచ్చిన మనిషిలా వనజాక్షి బెంచీ మీద కూర్చుంది.

"నాకొద్దన్నా. అమ్మ పేరున ఉండేది," అని అశోక్ తుపాకి తిరిగి ఇచ్చేశాడు.

ఆమె ఎత్తినప్పుడు మడమ జాకెట్టు చంకలో తగులుకుంది. మెడ ముందుకు సాచినా చెంప కర్ర వెనక కొసకు గానీ అందలేదు. హెబ్రోను ఆమె మోచేతి వంపు దగ్గరనుంచి వేలి దాకా టేపు పెట్టి కొలిచాడు.

"కర్ర పొడుగమ్మా నీకు. ఒకటిన్నర అంగుళం తీసేయాల."

"తీయొద్దన్నా."

"తీయకపోతే నిన్ను కొడతాది."

"కొట్టనీ. ఆయన పట్టిన కర్ర అది. కోత పెట్టబాక."

హెబ్రోను అశోక్ వైపు చూశాడు. అశోక్ దుప్పటి మడత పెడుతున్నాడు. "సరే, నీ ఇష్టం. గొట్టం మటుకు బాగుజేసిస్తా," అని హెబ్రోను టేపు చుట్టేశాడు.

బాగైన తుపాకి ఇంటికొచ్చేసరికి శనగ ఊడలు దిగుతున్నాయి. మొదటి సాయంత్రం ఆమె అన్నం వండి, పులుసు కాచి దించి, కొంగు నడుముకు బిగించి చేలోకి పోయింది. చుట్టూ తిరిగింది. దిబ్బల మీద ఎవరూ లేరని చూసుకుంది. ఆయన నిలబడే చోట నిలబడి, తూటా పెట్టి, సముద్రం వైపు గొట్టాలెత్తి ట్రిగ్గరు లాగింది.

మడమ భుజంలో కూర్చోలేదు, దండచెయ్యి మీదికి జారింది. గాడిద తన్నినట్టు తన్ని, కర్ర వచ్చి దవడ మీద కొట్టింది. ఆమె ఇసుకలో చతికిలబడింది. చెవుల్లో కీచుమని మోత. ఆ మోత తగ్గేదాకా అక్కడే కూర్చుని, ఏం జరిగిందో ఆలోచించింది. నొప్పి గురించి కాదు ఆమె ఆలోచన. ఫెళ్లుమని ఆకాశం పగిలినట్టు వచ్చిన ఆ చప్పుడు తను విన్న చప్పుడు కాదు. తనకు కావలసినది మెత్తటిది, తోపు మీదుగా వచ్చేది. అది ఇంట్లో ఉన్న మనిషికే వినిపిస్తుంది. తుపాకి పట్టిన మనిషికి వినిపించదు. పద్మనాభయ్య కూడా దాన్ని ఎన్నడూ విని ఉండడు. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా, ఎన్ని సంతకాలు పెట్టినా ఇక దాన్ని వినడం తనవల్ల కాదు.

ఆ మాట అర్థమయ్యాక ఆమె తుపాకి ఒళ్లో పెట్టుకుని, ఎవరూ చూడని ఆ చేలో, ఆయన పోయిననాటి కంటే ఎక్కువగా ఏడ్చింది.

ఇంటికి వచ్చి దీపం వేసేసరికి అంకాలమ్మ వచ్చింది. అంకాలమ్మ ఇల్లు తోపుకు అవతల, సముద్రం మీద చేపలు పట్టే పట్టపోళ్ల వీధిలో. చేపలు అమ్ముకుంటుంది. వనజాక్షి దవడ చూసి బుట్ట కింద పెట్టింది.

"ఏందక్కా ఈ వాపు! తుపాకి తన్నిందా?" అని, ఉప్పు మూట వెచ్చజేసి కాపడం పెడుతూ మాటల్లో పడింది. "నీ తుపాకి సద్దు ఇన్నా. ఇని, గెబాల్న లేసి నిలబడినా. పద్మనాభయ్యన్న ఇంటికి పొయ్యే యాళయిందే, నేనింకా ఎసురు పెట్టలేదే అనుకున్నా. మళ్లా గురుతొచ్చింది, అన్న లేడు గదా అని."

వనజాక్షి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎట్టుండిందిమే సద్దు?"

"ఎట్టుంటాది? ఎప్పుడూ ఉండేటట్టే. ధబ్బుమనింది."

"నువ్వూ దాన్ని ఇనే పొయ్యి ఎలిగించేదానివా?"

"నేనేంది, మా ఈదంతా అంతే. గడియారం సూసేదెవురు మాలో? అన్న పోయినాక మా ఇళ్లల్లో కూడా కూడు ఒక యాళా పాళా లేకుండా అయిపోయింది."

కాపడం మూట చల్లారిపోయింది. వనజాక్షి దాన్ని మళ్లీ వెచ్చబెట్టమని అడగలేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు తన ఒక్కదానిదే అనుకుంది. తోపుకు అవతల ఎవరెవరో ఆడవాళ్లు దాన్ని విని ఎసురు పెడుతున్నారని ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు.

భుజం నల్లగా కమిలిపోయింది. తుపాకి మళ్లీ ఎత్తాలంటే చెయ్యి సహకరించలేదు. అది గమనించినట్టే పందులు పడి తూర్పు వైపు సాళ్లన్నీ దున్నేశాయి. అశోక్ వేయించిన కంచె ఒకచోట వంగిపోయి ఉంది, అక్కడినుంచే దారి చేసుకున్నాయి. ఆ గుంటల్లో పాలుకారుతున్న లేతకాయలు చూసి, వనజాక్షి ఆ పూటే తుపాకి తీసుకుని నెల్లూరు బస్సెక్కింది.

హెబ్రోను ఆమె దవడ మీద కమిలి పసుపు తిరిగిన మచ్చ చూశాడు. తుపాకి అందుకుని, విరిచి, ఖాళీదేనని చూసుకున్నాడు.

"కోసెయ్ అన్నా," అంది వనజాక్షి. అని మొహం పక్కకు తిప్పుకుంది.

ఆయన మడమకు బిగించిన రబ్బరు పట్టీ మరలు తీశాడు. పట్టీ ఊడదీసి, కర్ర కొసను వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "అమ్మా, ఇటు రా," అన్నాడు.

వెంట్రుకంత సన్నటి గీత ఒకటి కర్ర చుట్టూ ఉంది. గీతకు ఇవతల కర్ర ఒక రంగు, అవతల ముక్క ఇంకో రంగు. పాలిషు కింద ఇన్నాళ్లూ కనబడలేదు.

"ఇది అతుకు. ఈ పనితనం మా నాయనది. టేకుముక్క పెట్టి, లోపల చెక్క మేకులు దిగేసి అతికిస్తాడు. మీ మామగారు పొట్టి మనిషా?"

"నా అంతే ఉండేవోడు."

"అయితే ఈ తుపాకి మొదట్లో నీ అంత మనిషికి చేసిందే. మీ ఆయన చేతికొచ్చినాక చాలక, ముక్క అతికించుకోనుండాడు."

వనజాక్షికి అప్పుడు గుర్తుకొచ్చింది. పెళ్లయిన కొత్త. మామ పోయాక ఒకరోజు పద్మనాభయ్య తుపాకి తీసుకుని పొద్దున్నే నెల్లూరు వెళ్లి, చీకటిపడుతుండగా వచ్చాడు. వచ్చి భోజనం కూడా చేయకుండా, బీరువా అద్దం ముందు నిలబడి తుపాకి ఎత్తుతాడు, దించుతాడు, మళ్లీ ఎత్తుతాడు. అద్దంలో తల కనబడక మోకాళ్లు వంచి చూసుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న కొత్త పెళ్లికూతురు ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. ఆయన ఉలిక్కిపడి తిరిగి, సిగ్గుపడి, తనూ నవ్వాడు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. అంతవరకూ ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదు.

"కోసే పని ల్యా. అతుకు ఇడదీస్తే సరిపోతాది," అంటున్నాడు హెబ్రోను.

వేడి ఇనుప పట్టీని ఆన్చి, పాత బంక మెత్తబడ్డాక, చెక్కసుత్తితో చిన్నగా కొట్టాడు. ముక్క నొప్పి తెలియకుండా ఊడిన పాలపన్నులా వచ్చేసింది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. నూనె, పాత చెమట కలిసిన వాసన. ఆమె వేళ్లు ముడిచింది.

"ఇది నాకిచ్చెయ్యి అన్నా."

"నీదే గదమ్మా."

రబ్బరు పట్టీ మళ్లీ బిగించాక ఆమెను నిలబెట్టి ఎత్తమన్నాడు. "మొగం తుపాకి దగ్గిరికి పోగూడదు. తుపాకే మొగం దగ్గిరికి రావాల. ఎడమకాలు ముందరికి. రెండు కళ్లూ తెరిచే ఉంచు. కొసన ఇత్తడి గింజ కనబడతా ఉండాదా? దాని కింద గొట్టం ఎక్కువ కనబడకూడదు, అసలు కనబడకుండా పోగూడదు. అద్దీ."

మడమ భుజం గుంటలో కూర్చుంది. చెంప కర్ర మీద వాలింది. వాలినచోట కర్ర నున్నగా, వెన్న పూసినట్టుగా తగిలింది. పక్కలన్నీ పాత పాలిషు పెచ్చులతో గరుగ్గా ఉంటే అక్కడ మాత్రం పాలిషు అరిగిపోయింది, కాస్త పల్లంగా కూడా ఉంది.

"ఇక్కడేంది ఇట్ట అరిగిపోయుండాది?" అంది, తల ఎత్తకుండానే.

"మీ ఆయన చెంప ఆనిన చోటమ్మా అది. బొటనేలికీ చెంపకీ నడుమ ఎడం ఎవురికైనా ఇంచుమించు ఒకటే. కర్ర పొడుగైనన్నాళ్లూ నీకు ఆ చోటు అందలా."

ఆమె తుపాకి దించలేదు. చెయ్యి బరువవుతున్నా అలాగే చెంప ఆన్చి నిలబడింది. హెబ్రోను అటు తిరిగి, ఏరవలసిన అవసరం లేని మరలు ఏరుతూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి కొత్తదిన్నెలో మళ్లీ చప్పుడు వినబడింది. భుజానికి తగిలే దెబ్బ ఇప్పుడు తోపుడులాగా ఉంది తప్ప తన్నులాగా లేదు. పేల్చాక వనజాక్షి ఒక క్షణం చెంప తియ్యదు. పట్టపోళ్ల వీధిలో పొయ్యిలు వెలిగి ఉంటాయని అనుకుంటుంది. తన ఇంట్లో పొయ్యి ఆరి ఉంటుంది. నడిచి వెళ్లి తనే వెలిగించుకుంటుంది. ఒక కంచం కడుగుతుంది. ఆ వేళకు గుమ్మం వైపు చూడకుండా ఉండాలని రోజూ అనుకుంటుంది. చూస్తుంది.

శనగ పీకే ముందే ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషనుల్లో అప్పగించాలన్నారు. ఈసారి ఆమె దుప్పటి చుట్టలేదు. నూనె పట్టించి, చేతులతోనే పట్టుకుపోయి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒళ్లో ఏమీ లేక, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంకాలమ్మ వీధివాళ్లు రెండుమూడు సాయంత్రాలు చూసి, "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని కనుక్కోవడానికి వచ్చారు.

ఎండాకాలం చివర తుపాకి తిరిగి ఇచ్చారు. గొట్టాల మీద ఎర్రటి చుక్కలు పొక్కాయి. హెబ్రోను దగ్గరికి తీసుకుపోతే అంగడి సగం ఖాళీగా ఉంది. పనిముట్లు పెట్టెల్లో సర్దుతున్నాడు.

"సూపు ఆనడం ల్యామ్మా. లైసెన్సు రెన్యూవల్ మానేసినా. ఇంగ చెన్నపట్నం పోవాల్సిందే నువ్వు, పెద్ద రిపేరు వస్తే. చిన్న పనులు నేర్పిస్తా, కూర్చో," అన్నాడు. గొట్టంలోకి కడ్డీ ఎలా పోనివ్వాలో, నూనె ఎంత పడితే చాలో, ఎంత ఎక్కువైతే కర్రలోకి దిగి పాడవుతుందో, అన్నీ ఆమె చేతులతోనే చేయించాడు. కడ్డీనీ, ఒక నూనె సీసానీ ఆమెకే ఇచ్చేశాడు. బస్సుస్టాండు దాకా వచ్చి సాగనంపాడు. ఆయనా ఆ సందు వదిలిపెట్టలేక తిరుగుతున్నాడని ఆమెకు అర్థమైంది.

ఇప్పుడు శనగ లేని రోజుల్లో కూడా వనజాక్షి అప్పుడప్పుడూ తుపాకి బయటికి తీస్తుంది. మొన్న సముద్రంలో చేపల వేటకున్న నిషేధం ఎత్తేసిన వారంలో, పడమటి గాలి ఇసుకను ఎగరగొడుతుండగా, అరుగు మీద చాప పరుచుకుని కూర్చుంది. గొట్టాలు విడదీసి, కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచింది. తెల్లగుడ్డకు తుప్పు అంటడం మానేదాకా తుడిచింది. తర్వాత గొట్టాన్ని వెలుగు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది. వెలుగు వలయాలు ఎక్కడా నొక్కుకోకుండా చివరిదాకా పోయాయి. చివర, రూపాయి బిళ్లంత గుండ్రంలో, తోపులోంచి ఇంటికి వచ్చే బాట కనిపించింది. బాట మీద ఎవరూ లేరు. ఆమె చాలాసేపు అలాగే చూస్తూ ఉంది.

"అక్కా! పడవలొచ్చినాయి, వంజరం పడిందంట! రా, మంచియి ఏరుకుందువు!" అని అంకాలమ్మ తోపు అవతలనుంచి కేకేసింది.

"వస్తాండా, ఉండు!" అని వనజాక్షి గొట్టాలను కర్రకు బిగించి, బీరువాలో నిలబెట్టి, తాళం వేసుకుని చెప్పులు తొడుక్కుంది.